నేల మోసుకొచ్చిన చప్పట్లు

పోయిన వారం మనల్ని మేకప్ గది తలుపు బయట నిలబెట్టి, పెద్దాయన ధడాలున తలుపేసుకున్నారు. పెద్దాయన అంటే ఆ నాటక సమాజానికి పెద్ద దిక్కు, నలభై ఏళ్ళుగా ముఖ్య పాత్రధారి, అన్నిటికీ మించి మహా కోపిష్టి. బయట మిగిలిపోయింది ఆయన కోడలు. ఆమె వృత్తి సైగల భాషలో మాట చేరవేయడం. ఆ మధ్యాహ్నం హాల్లో కింది సీట్లన్నీ వినపడనివాళ్ళవే. స్టేజీ మీద పడ్డ ప్రతి మాటనూ ఆమె ఓ మూల దీపం కింద నిలబడి చేతులతో వాళ్ళకు చెబుతోంది. మొదటి భాగం అయింది, తెర పడింది, హాల్లో ఒక్క చప్పట్టు మోగలేదు. పైన బాల్కనీలో కూర్చున్న కమిటీ పెద్దలు, కింద ఎవరూ కొట్టనప్పుడు మనం కొడితే మర్యాదగా ఉండదేమోనని చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. పెద్దాయన తెర వెనకనుంచి తిన్నగా గదిలోకి వెళ్ళి, "రెండో భాగం లేదు, అందర్నీ ఇళ్ళకు పొమ్మనండి" అన్నారు.

ఆ ఒక్క ఆట కోసం కోడలు పడ్డ పాట్లు పాఠకులకు తెలిసినవే. గుమ్మం మెట్ల పక్కన వాలుబాట వేయించడానికి కమిటీ చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. చక్రాల కుర్చీల కోసం నడవ పక్క సీట్లు తీయించింది. కమిటీ అధ్యక్షులవారు చివరికి, "సరేనమ్మా, ఈ ఒక్కటీ సవ్యంగా జరిగితే నెలకో ఆట ఇద్దాం. రసాభాస అయితే మాత్రం మళ్ళీ ఈ ఊసెత్తొద్దు" అన్నారు. అవన్నీ ఒక ఎత్తు. మొదటి వరసలో కూర్చున్న ఆమె అమ్మానాన్నలు ఒక ఎత్తు. ఇద్దరికీ పుట్టుకతోనే వినపడదు. వాళ్ళు వియ్యంకుడి నాటకం చూడటం ఇదే మొదటిసారి. అసలు ఏ నాటకమైనా చూడటం ఇదే మొదటిసారి.

కోడలు తలుపు తట్టింది. లోపలినుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇంకాస్త గట్టిగా తట్టింది. ఆయన గడియ వేసుకునే మనిషి కాదు. ఆయన కోపమే పెద్ద గడియ. తోసుకుని లోపలికి వెళ్ళింది.

పెద్దాయన అద్దం ముందు కూర్చుని ఉన్నారు. అద్దం చుట్టూ ఉన్న బల్బులన్నీ వెలుగుతున్నాయి. నెరిసిన గడ్డం సగం ఊడదీసి ఉంది. కాళ్ళకు ఎప్పట్లాగే చెప్పుల్లేవు. అద్దంలో ఆమె కనబడగానే ఉలిక్కిపడ్డారు.

"తలుపు తట్టి రావాలని తెలీదూ?"

"రెండుసార్లు తట్టాను మామయ్యగారూ."

ఆయన గడ్డం మిగతా సగం పీకడం మొదలుపెట్టారు.

"అది తీయకండి. ఇంకో భాగం ఉంది."

"ఎవరికమ్మా? ఎవరి కోసం?" అద్దంలోనే ఆమె ముఖం వైపు చూస్తూ అన్నారు. "గంటసేపు గొంతు చించుకున్నాను. దగ్గు లేదు, నవ్వు లేదు, చప్పట్లు లేవు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు..."

అనేశాక గానీ ఆయనకు తెలియలేదు ఎవరి ముందు ఏం అన్నారో. కోడలికి ఒళ్ళంతా వేడెక్కింది. చిన్నప్పటినుంచి ఆ సామెత బళ్ళో విన్నది, బస్సులో విన్నది, తన పెళ్ళి పందిట్లోనూ విన్నది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ తిరిగి మాట అనలేదు. ఇవాళ అనాలనిపించింది.

"ఊదినవాళ్ళకు వినపడిందేమో గానీ మామయ్యగారూ, కనపడాల్సింది కనపడలేదు. తెర పడేటప్పుడు వాళ్ళు ఇలా చేశారు." రెండు చేతులూ తలకు పైగా ఎత్తి, వేళ్ళు విడదీసి, మణికట్ల దగ్గర గబగబా తిప్పింది. "వాళ్ళ చప్పట్లు ఇవి. హాలంతా కొట్టారు. మీ ముఖం మీద లైట్లున్నాయి, వాళ్ళు చీకట్లో ఉన్నారు."

"చీకట్లో ఎవరో చేతులు ఊపితే నాకేం తెలుస్తుంది?"

"పోనీ ఒక్క నిమిషం హాల్లో లైట్లు వేద్దాం..."

"నోర్ముయ్!" ఆయన బల్ల మీద చరిచారు. "నా స్టేజీ మీద ఆట నడుస్తుండగా హాల్లో వెలుతురు పడకూడదు. మధ్యలో తలుపు తీసి వెలుగు రానిచ్చాడని నా సొంత తమ్ముడితో ఏడాది మాట్లాడలేదు నేను. తెలుసుగా?"

తెలుసు. ఆ సమాజంలో అది శాసనం. చీకటి తెగితే నాటకం చచ్చిపోతుందని ఆయన నమ్మకం. నలభై ఏళ్ళలో ఆట నడుస్తుండగా ప్రేక్షకుడి ముఖం ఎలా ఉంటుందో ఆయన ఒక్కసారీ చూసి ఎరగరు.

కోడలు కిటికీ వైపు తిరిగి, కన్నీళ్ళు కనబడకుండా చెప్పింది. "మా అమ్మ పొద్దున్నే లేచి చీర మార్చుకుని, మళ్ళీ మార్చుకుని వచ్చింది. మీరు ఒక్కసారైనా తన ముఖం చూసి మాట్లాడతారేమోనని. పెళ్ళిలో కూడా మీరు గోడ వైపు చూస్తూ పలకరించారు."

వెనకనుంచి చప్పుడు లేదు. ఆ మొండితనం చూసి ఆమెకు ఒళ్ళు మండిపోయింది. గిర్రున తిరిగి ఆయన ముందుకొచ్చి నిలబడింది.

"సరే. నేనే వెళ్ళి హాలుకు చెప్తాను. పెద్దాయన భయపడ్డారు, అందుకే రావట్లేదు అని."

"భయమా? నాకా?"

"కాక?"

నటుణ్ణి తిట్టొచ్చు, కొట్టొచ్చు, జీతం ఎగ్గొట్టొచ్చు. భయపడ్డాడు అని మాత్రం అనకూడదు. పెద్దాయన ఊడిన గడ్డాన్ని జిగురు రాసి మళ్ళీ అతికించుకున్నారు. కోపపు తొందరలో అది కాస్త పక్కకు అతుక్కుంది. దాన్ని సరిచేయడానికి కూడా ఆగకుండా విసవిసా స్టేజీ మీదికి నడిచారు.

తెర లేచింది.

రెండో భాగంలో కథ ఇది: ఎన్నో ఏళ్ళ క్రితం ఇల్లొదిలి పోయిన తండ్రి, ముసలితనంలో కూతురి గుమ్మం ముందుకొస్తాడు. కూతురు తలుపు తీయదు. అతను తలుపు బాదుతాడు, బాదీ బాదీ అక్కడే కూలబడతాడు. తలుపు బాదినంతసేపూ మాటలు లేవు. మాటల్లేవు గనక కోడలి చేతులకూ పని లేదు. మూల దీపం కింద చేతులు ముడుచుకుని నిలబడి, అందరితో పాటు తనూ చూసింది.

పెద్దాయన మొదటి దెబ్బ వేశారు. ఆ దెబ్బ తలుపులోంచి చట్రంలోకి, చట్రంలోంచి స్టేజీ చెక్కల్లోకి దిగింది. పాతకాలపు హాలు అది. స్టేజీకి పరిచిన చెక్కే ముందు వరసల కిందకూ సాగుతుంది. మొదటి వరసలో ఉన్నవాళ్ళు ఒక్కసారిగా వెన్ను నిటారు చేసుకున్నారు. కోడలి నాన్న వంగి బూట్లు విప్పేసి పాదాలు నేలకు ఆన్చాడు. అతని పక్కవాళ్ళూ విప్పారు. అమ్మ ముందుకు జరిగి స్టేజీ అంచు మీద అరచెయ్యి పెట్టింది, జ్వరమొచ్చిన పిల్ల నుదుటి మీద పెట్టినట్టు.

తలుపు మీద దెబ్బలు పడుతున్నాయి. మూల దీపం వెలుగు సోకినంత మేర కోడలికి ముఖాలు కనబడుతున్నాయి. ఒకాయన కడుపు మీద చెయ్యి వేసుకుని ఉన్నాడు. ఒకావిడ పక్కనున్న పిల్ల అరచేతిని తన గుండెకు ఆనించుకుంది. వాళ్ళు ఆ తండ్రి వేదనను చెవులతో కాదు, ఎముకలతో వింటున్నారు. కోడలు ఈ నాటకం రిహార్సళ్ళతో కలిపి లెక్కలేనన్నిసార్లు చూసింది. ఆ తలుపు చప్పుడు ఎంత బరువైనదో ఆమెకు ఇవాళే తెలిసింది.

సరిగ్గా అప్పుడు అమ్మ ఒక చెయ్యి స్టేజీ మీదే ఉంచి, రెండో చేత్తో సైగ చేసింది.

"మీ మామగారికి వినపడదు."

కోడలికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆట మధ్యలో, స్టేజీ ముందు కూర్చుని, ఇంట్లో వంటగదిలో మాట్లాడినంత తేలిగ్గా! పొట్ట దగ్గరే చేతులు చిన్నగా కదిపి జవాబిచ్చింది. "అమ్మా, ఆట నడుస్తోంది. తర్వాత."

"తర్వాత మర్చిపోతాను. చూడు, ఆ పిల్ల వెనకనుంచి వస్తోంది. పిలిస్తే తిరగడు. నేల కదిలితే తిరుగుతాడు."

నాటకంలో కూతురు వేషం వేసిన అమ్మాయి పెరటి గుమ్మంలోంచి వచ్చి, కూలబడ్డ తండ్రి వెనక నిలబడింది. "నాన్నా" అని పిలిచింది. పెద్దాయన కదల్లేదు. ఆ అమ్మాయి మడమతో చెక్క మీద గట్టిగా ఒక్క అడుగు వేసింది. అప్పుడు తిరిగారు.

"చూశావా?" అంది అమ్మ చెయ్యి. నాన్న కూడా తల ఊపాడు. "వచ్చినప్పట్నుంచీ అనుకుంటున్నాం. అందరి నోళ్ళూ చూస్తున్నాడు. మనవాడే."

కోడలి చేతులు కూతురి మాటల్ని సైగల్లోకి చేరవేస్తూనే ఉన్నాయి, అలవాటు కొద్దీ. బుర్ర మాత్రం ఎక్కడెక్కడో తిరుగుతోంది. ఏడాది క్రితం పెద్దాయన సమాజంలో కొత్త పద్ధతులు పెట్టారు. నాకు ఎదురుగా నిలబడి మాట చెప్పండి, అడుగు గట్టిగా వేయండి, పాత్రకు బరువొస్తుంది అన్నారు. అదంతా అనుభవం అనుకుని కుర్రనటులు తలలూపారు. ఇంట్లో ఆయన గొంతు పెరిగింది. వయసుతో పాటు చాదస్తమూ పెరుగుతుందిలే అని అత్తగారు సర్దిచెప్పింది. ఇందాక గదిలో తను కిటికీ వైపు తిరిగి అంతసేపు ఏడుస్తూ చెప్పింది. ఆయనకు ఒక్క ముక్కా చేరలేదు. అది మొండితనం కాదు.

ఘట్టం ముగిసింది. తండ్రీకూతుళ్ళు ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. ఇక్కడ ప్రతి ఆటలోనూ హాలు దద్దరిల్లిపోతుంది. ఆ చప్పట్లు ఆగేదాకా పెద్దాయన కదలకుండా నిలబడటం ఆనవాయితీ. ఇవాళా నిలబడ్డారు. కోడలు ఆయన ముఖం వైపు కాక పాదాల వైపు చూసింది. వట్టి పాదాల వేళ్ళు చెక్కను గట్టిగా నొక్కి పట్టుకుని, ఏదో వస్తుందేమోనని వెతుకుతున్నాయి.

అప్పుడు అర్థమైంది ఆమెకు. ఏడాదిగా ఆయన చప్పట్లను విన్నది కాళ్ళతోనే. ఇవాళ నేల ఊరుకుంది. కారణం హాలా, తన ఒళ్ళా అన్నది తెలియక, కాళ్ళు కూడా వినడం మానేశాయేమోనని ఆ మనిషి లోపల్లోపల హడలిపోతున్నారు. భయపడ్డారని తను ఆయన్ని ఎత్తిపొడిచింది. అది నిజమే.

ఆమె బాల్కనీ పక్కనున్న లైట్ల గది వైపు తలెత్తింది. అక్కడ గాజు పలక వెనక ఉన్నది ఆమె మొగుడు, పెద్దాయన కొడుకు. పెళ్ళికి ముందు ఆమె కోసం సైగల భాష నేర్చుకున్నాడు. ఇప్పటికీ తప్పులు చేస్తాడు గానీ అర్థం చేసుకోవడంలో దిట్ట.

"హాల్లో లైట్లు వెయ్యి" అంది చేతులతో.

అతను అడ్డంగా తలూపాడు. "నాన్న చంపేస్తాడు."

"వెయ్యి!" అంది ఈసారి భుజాలనుంచి చేతులు విసిరి.

అయితే సైగల్లో ఒక తిప్పలుంది, గుసగుస కుదరదు. ఆమె మొగుడితో అన్నది హాలంతా చదివేసింది. వరసలు వరసలుగా తలలు వెనక్కి తిరిగాయి. దీపం వెలుగు అందిన చోటల్లా చేతులు లేచి అదే మాట అన్నాయి: వెయ్యి, వెయ్యి. కొడుకు ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్నట్టు కాసేపు తండ్రినీ పెళ్ళాన్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత కళ్ళు మూసుకుని మీట పైకి నెట్టాడు.

హాలు వెలిగింది.

పెద్దాయన నోరు తెరిచారు, గర్జించడానికే. గర్జన బయటికి రాలేదు.

ఎదురుగా, ఈ గోడనుంచి ఆ గోడ దాకా, అన్నీ చేతులే. ముసలి చేతులు, పిల్లల చేతులు, గాజులున్నవి, గడియారాలున్నవి, చక్రాల కుర్చీల్లోంచి లేచినవి. అన్నీ తలలకు పైగా ఎత్తి ఉన్నాయి. వేళ్ళన్నీ విడివడి, గాలికి ఆకులు ఆడినట్టు ఆడుతున్నాయి. ఇంత మందిలో చిన్న సవ్వడి లేదు. ఒక్కరూ చేతులు దించడం లేదు. వాటి కింద ముఖాలు. కొన్ని ఏడుస్తున్నాయి. అందరి కళ్ళూ ఆయన మీదే ఉన్నాయి. బాల్కనీలో కమిటీ పెద్దలు కూడా ఒక్కొక్కరే లేచి, కాస్త సిగ్గుపడుతూనే, చేతులెత్తారు.

కోడలు పుట్టినప్పట్నుంచీ ఈ చేతుల మధ్యే పెరిగింది, అయినా ఇన్ని చేతుల్ని ఒక్కచోట ఇలా ఎన్నడూ చూడలేదు. దేవుడి ముందు నిలబడ్డట్టనిపించింది.

పెద్దాయన అడుగులో అడుగు వేసుకుంటూ స్టేజీ అంచు దాకా వచ్చారు. నలభై ఏళ్ళుగా చీకటి అనుకున్న దానిలోకి, చంటిపిల్లాడు మొదటిసారి వాన చూసినట్టు చూశారు. పక్కకు అతుక్కున్న గడ్డం మీదుగా కన్నీళ్ళు కారుతున్నాయి. మొదటి వరసలో తన వియ్యపురాలు కనబడింది. ఆవిడ ముఖంలోకి, తొలిసారి, తిన్నగా చూశారు.

అమ్మ చేతులు దించింది. వెనక్కి తిరిగి హాలుకు ఏదో చెప్పి, తిరిగి ముందుకొచ్చి, కుడికాలు ఎత్తి చెక్క మీద బలంగా మోపింది. వినపడనివాళ్ళ ఇళ్ళల్లో ఒకర్నొకరు పిలుచుకునే పద్ధతి అది. నాన్న మోపాడు. మొదటి వరస, రెండో వరస. వెనక వరసల వాళ్ళు సీట్లొదిలి నడవల్లోంచి దిగి, చెక్క మొదలైన చోటికి వచ్చి కాళ్ళు మోపారు. చక్రాల కుర్చీల వాళ్ళు చేతికర్రలతో నేలను పొడిచారు. పాత హాలు పునాది దాకా కదిలింది. పైన బాల్కనీ కటకటాలు గడగడలాడాయి.

అది నేల వెంబడి వచ్చి పెద్దాయన పాదాలకు తగిలింది.

కోడలు చూసింది, ఆయన ఒంట్లోకి అది ఎక్కడం. మడమలు, మోకాళ్ళు, చివరికి భుజాలు. కళ్ళు మూసుకుని, రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని, దాహమేసినవాడు నీళ్ళు తాగినట్టు నిలువునా తాగారు. ఆమెకు చేతులెత్తి మొక్కాలనిపించింది, ఆయనకో అమ్మకో ఆ నేలకో తెలియదు.

కాసేపటికి ఆయన కళ్ళు తెరిచి, మూల దీపం దగ్గరికొచ్చి ఆమె వైపు వంగారు.

"ఎప్పట్నుంచి తెలుసమ్మా నీకు?"

"ఇప్పుడే మామయ్యగారూ." పెదాలు బాగా కనబడేలా నెమ్మదిగా అంది. "మా అమ్మ పసిగట్టింది."

ఆయన పసివాడిలా నవ్వి, ఇంకా దగ్గరగా వంగి, రహస్యంగా అన్నారు. "ఏడాదైంది తల్లీ. పూర్తిగా పోయింది. ఒక్క ముక్క వినపడదు. నువ్వు ఎవరికీ చెప్పకు, నాకు వేషాలు ఇవ్వరు."

రహస్యం అని ఆయన అనుకున్నారు. తన గొంతు తనకు వినపడని మనిషికి గుసగుస ఎంతలో ఆపాలో ఎలా తెలుస్తుంది? నలభై ఏళ్ళు చివరి వరస దాకా విసరడానికి అలవాటుపడ్డ గొంతు అది. ప్రతి అక్షరమూ బాల్కనీ కప్పుకు తగిలి తిరిగొచ్చింది.

పైన బాల్కనీలో ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఆగిపోయాయి. లైట్ల గదిలో కొడుకు గాజు పలకకు రెండు అరచేతులూ ఆనించి, అలాగే ఉండిపోయాడు. నాటకంలో కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏమైంది?" అన్నారు పెద్దాయన, ఆ ముఖాలన్నీ చూసి. మళ్ళీ ఆయనకే తట్టింది. "గట్టిగా అన్నానా?"

కోడలు అవునని తలూపింది.

అధ్యక్షులవారు బాల్కనీ కటకటాల మీదికి వంగి, "తెర దించండి! ముందు తెర దించండి!" అని అరిచారు. ఎవరో తాడు వదిలారు. బరువైన తెర ఊగుతూ కిందికి రావడం మొదలైంది. కూతురు వేషం అమ్మాయి, ఆ తలుపు, ఆ గుమ్మం ఒక్కొక్కటే మరుగునపడ్డాయి. పెద్దాయన మాత్రం అంచు దాకా వచ్చేసి ఉన్నారు. తెర ఆయన వీపును రాసుకుంటూ వెనక పడింది. ఇవతల ఆయనా, కోడలూ మిగిలారు.

కాళ్ళ మోత ఆగిపోయింది. కింద వరసల్లో ఉన్నవాళ్ళకు పైవాళ్ళు ఎందుకు బిగుసుకుపోయారో తెలియదు, ఆ ముసలాయన ఏమన్నాడో తెలియదు. వాళ్ళందరూ కోడలి చేతుల వైపు చూస్తున్నారు. స్టేజీ మీద పడ్డ మాట ఏదైనా సరే, మంచో చెడో, దాచకుండా చెప్పడం ఆమె వృత్తి ధర్మం. ఎవరికీ చెప్పకు అన్నది మామగారి మాట. ఆమె చేతులు సగం లేచి ఆగిపోయాయి.

అధ్యక్షులవారు మెట్లు దిగి వస్తున్న బూట్ల చప్పుడు ఆమెకు వినబడుతోంది. అది పెద్దాయనకు వినబడలేదు గానీ, చెక్క మీద పడ్డాక కాళ్ళకు తెలిసింది. ఆ వైపు ఒకసారి చూసి, గడ్డాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని పూర్తిగా ఊడదీసేశారు.

"పైవాళ్ళకు ఎలాగూ తెలిసిపోయింది" అన్నారు. "నా వాళ్ళకు దాచడం దేనికి? చెప్పు."